పేరుకి నైటీ, వాడకం పగలంతా: 250 నుంచి 800 రూపాయల రకాల మీద సమీక్ష

షాపులో నైటీలు చూపించమంటే కౌంటరు మీద ప్రింట్లు పరుస్తారు. పూలు, చుక్కలు, నెమళ్లు, గీతలు. గుడ్డ ఏమిటో, పొడవెంతో, కుట్టు ఎలా ఉందో అడిగేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. చీరకైతే మడత విప్పించి, అంచు పట్టుకుని, వెలుతురుకి పెట్టి గంటసేపు చూసే మనుషులే నైటీ దగ్గరికొచ్చేసరికి "ఇంట్లో వేసుకునేదేగా" అని రంగు చూసి సంచిలో వేయించుకుంటారు. లెక్కకొస్తే పట్టుచీర ఏడాదికి నాలుగైదుసార్లు కట్టేది, నైటీ రోజూ ఒంటి మీద ఉండేది. వంట, అంట్లు, బట్టలు ఉతకడం, మెట్లెక్కి మేడ మీద ఆరేయడం, పిల్లల్ని ఎత్తుకోవడం, అన్నీ అందులోనే. పైన చున్నీయో తువ్వాలో కప్పుకుంటే పాలపాకెట్ కోసం వీధి చివరిదాకా కూడా అదే. అందుకే ఇక్కడ నైటీని పనిబట్టగా తూచాం. పడుకోవడానికి ఏ బట్టయినా సరిపోతుంది.

చూసినవి బజారు షాపుల్లో, సంతల్లో, ఆన్‌లైన్లో 250 నుంచి 800 రూపాయల దాకా ఉండే రకాలు. కంపెనీ పేర్లు రాయడం లేదు. ఒకే మిల్లు గుడ్డ పది లేబుళ్ల కింద వస్తుంది, ఒకే లేబుల్ కింద ఈ ఏడాది ఒక గుడ్డ, వచ్చే ఏడాది ఇంకోటి వస్తుంది. గుడ్డని చూడటం వచ్చాక లేబుల్‌తో పని లేదు.

ముందు నూలు గుడ్డ. పనికి ఇదే మొదటి ఎంపిక, అందులోనూ కేంబ్రిక్. సన్నటి నూలుతో దగ్గరగా నేసిన గుడ్డ, చదరపు మీటరుకి 100 గ్రాముల అటూఇటూ తూగుతుంది. చెమట పీల్చుకుంటుంది, లోపల లంగా లేకపోయినా ఒళ్లు కనపడదు, రోజూ ఉతికినా ఏడాది దాటి నిలుస్తుంది. పాప్లిన్ దీనికంటే కాస్త గట్టిగా, గరుగ్గా ఉంటుంది. చలికాలం బాగుంటుంది, మే నెల విజయవాడలో బరువనిపిస్తుంది. మల్ గుడ్డ ఎండాకాలానికి ప్రాణం లేచొచ్చేలా ఉంటుంది కానీ వెలుతురులో నిలబడితే అవతలి మనిషికి అంతా కనపడుతుంది. లోపల లంగా వేసుకోక తప్పదు, వేసుకున్నాక ఆ చల్లదనం సగమే మిగులుతుంది. పైగా చంక దగ్గర, మోకాలి దగ్గర త్వరగా చీలుతుంది.

నూలులో మోసం ఎక్కువగా జరిగేది గంజి దగ్గర. పలచటి గుడ్డకి బాగా గంజి దట్టిస్తే షాపులో కేంబ్రిక్‌లా చేతికి గట్టిగా తగులుతుంది. ఒక్క ఉతుకుతో ఆ గట్టిదనం నీళ్లలో పోయి, జల్లెడ లాంటి గుడ్డ బయటపడుతుంది. పట్టుకోవడం తేలిక. అంచు దగ్గర గుడ్డని రెండు వేళ్ల మధ్య పెట్టి, బట్ట ఉతికినట్టు గట్టిగా నలపాలి. తెల్లటి పొడి రాలినా, నలిపిన చోట గుడ్డ ఒక్కసారిగా మెత్తబడి పక్క భాగంతో పోలిక తప్పినా అది గంజి బలమే. ఆ తర్వాత ఒక పొర గుడ్డని ట్యూబులైటుకి ఎదురుగా పెట్టి వెనక మీ వేళ్లు చూడండి. వేళ్ల నీడ కనపడితే ఫరవాలేదు, గోళ్లు విడివిడిగా కనపడితే వద్దు.

రేయాన్ మీద మా అభిప్రాయం అంత మంచిది కాదు. జారుతూ, చల్లగా, రంగులు మెరుస్తూ ఉంటుంది కాబట్టి షాపులో ఎవరికైనా నచ్చుతుంది. కానీ మామూలు రేయాన్ తడిసినప్పుడు దాని బలంలో దాదాపు సగం పోతుంది. బకెట్లోంచి తీసి మెలిపెట్టి పిండే అలవాటు మనది, ఆ మెలికలోనే కుట్టు పక్కన పోగులు జరిగి చీలికకి దారి తీస్తాయి. వేపుడు నూనె చిటికెడు పడినా మరక ముదిరిపోతుంది. ఇస్త్రీ లేకపోతే నలిగిన కాగితం. సాయంత్రం వంటపని అయ్యాక వేసుకుని, చేత్తో నెమ్మదిగా ఉతుక్కునే ఓపిక ఉంటే తీసుకోండి.

హోజరీ, అంటే బనియన్ గుడ్డ నైటీలు, తిరుప్పూరు నుంచి ఎక్కువగా వస్తాయి. సాగుతాయి కాబట్టి పడుకోవడానికి హాయి. ఇబ్బందల్లా వాటి బరువుకి అవే కిందికి లాగడం. తడి నైటీని భుజాల దగ్గర క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే నాలుగు నెలల్లో మెడ జారిపోతుంది, భుజాల దగ్గర బుడిపెలు లేస్తాయి. తీగ మీద నడుం దగ్గర సగానికి మడిచి వేయాలి. శాటిన్ అని అమ్మేది ఈ ధరల్లో పాలిస్టరే. చెమట పీల్చదు, ఉక్కపోతకి ఒంటికి అతుక్కుంటుంది, పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. నూలు కూడా మండుతుంది, ఆ మాటకొస్తే వదులు నూలు గౌను త్వరగానే మండుతుంది. బ్రిటన్‌లో రాత్రి దుస్తుల మీద నిప్పుకి దూరంగా ఉంచమనే హెచ్చరిక గురించి నిబంధనలే ఉన్నాయి. మన దగ్గర గ్యాసు పొయ్యి ముందు గంటల తరబడి నిలబడే బట్ట ఇదే కాబట్టి గంట ఆకారపు చేతులు, వేలాడే రిబ్బన్లు ఉన్న మోడళ్లు ఎంత ముద్దొచ్చినా మేం సిఫారసు చేయం.

ఇక అల్పైన్ లాంటి పేర్లు. అవి వ్యాపారం పేర్లు. రంగు పోదు, కుంచించుకుపోదు అని చెప్పి అమ్ముతారు. ఆ పేరుని బట్టి లోపల నూలు ఎంతో, పాలిస్టర్ ఎంతో తెలీదు. కొన్నాక ఇంట్లో తేల్చుకోవచ్చు: లోపలి కుట్టు పక్కనున్న మిగులు గుడ్డలోంచి నాలుగైదు పోగులు లాగి, పళ్లెంలో పెట్టి అగ్గిపుల్ల ముట్టించండి. కాగితం కాలిన వాసనొచ్చి, వేలితో తాకితే పొడైపోయే బూడిద మిగిలితే నూలో రేయానో. ముడుచుకుపోయి, చల్లారాక నల్లటి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. రెండూ కలిస్తే బూడిదలో గట్టి రవ్వలు తగులుతాయి. కలిపిన గుడ్డ చెడ్డదేం కాదు, త్వరగా ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు. నూలు ధర పెట్టి దాన్ని కొనడమే నష్టం.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి అసలు పేరు గురించి కూడా. నైట్‌గౌన్, నైట్‌డ్రెస్ అనే మాటల్ని ముద్దుగా కుదించి ఇంగ్లీషు వాళ్లు నైటీ అనడం 19వ శతాబ్దం చివరి భాగంలో మొదలైంది. పేరులో రాత్రి ఉంది గదా, పగలు వేసుకోవడమేమిటని మనవాళ్లు మొహం చిట్లిస్తారు కానీ, 18వ శతాబ్దపు ఇంగ్లండులో నైట్‌గౌన్ అంటే పగలు ఇంట్లో, తెలిసినవాళ్ల మధ్య వేసుకునే వదులు గౌను కూడా. అదే కాలంలో అక్కడి మగవాళ్లు ఇంటిపట్టున వేసుకునే వదులు అంగీ పేరు బన్యన్. గుజరాతీ వర్తకుల్ని పిలిచే బనియా నుంచి పోర్చుగీసు వాళ్ల నోట మారి వచ్చిన మాట అది, ఇప్పుడు మన దగ్గర లోపలి చొక్కాకి స్థిరపడింది. ఆ గౌన్లకి కోరి తెప్పించుకున్న గుడ్డల్లో మచిలీపట్నం వైపు కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన అద్దకపు నూలు ఒకటి. ఇవాళ పెడన కలంకారీ నైటీ వేసుకునే ఆవిడ, తెలిసో తెలియకో, చాలా పాత ఫ్యాషనే పాటిస్తోందన్నమాట.

మిగతా పేర్లు షాపు చీటీల మీద కనపడేవి. నెగ్లిజే ఫ్రెంచి మాట, మూలార్థం పట్టించుకోకుండా వదిలేసినది అని. నిండుగా అలంకరించుకోకుండా ఉన్న వేషం అన్న అర్థంలో వచ్చింది. ఆ చీటీతో అమ్మేది మటుకు పలచటి శాటినో నెట్టో, పైన ఒక కోటుతో. పనికి ఏమాత్రం పనికిరాదు. మ్యాక్సీ అనేది 1960లలో మినీకి ఎదురుగా పుట్టిన ఫ్యాషన్ మాట. కేరళలో నైటీనే మ్యాక్సీ అంటారు. ఆన్‌లైన్లో మ్యాక్సీ అని వెతికితే బయటికి వేసుకునే పొడవు గౌన్లు కూడా వచ్చి పడేది అందుకే. పైజమా పారశీకం: కాలికి తొడిగే బట్ట. కాఫ్తాన్ అని ఉంటే చేతులు విడిగా కుట్టకుండా పక్కలు విశాలంగా వదిలిన మోడల్. గాలాడుతుంది కానీ గిన్నెలు తోమేటప్పుడు ఆ రెక్కలు సింకులో మునుగుతాయి. చీటీ మీద పేరు ఏదైనా అది కత్తిరింపు గురించి చెబుతుంది తప్ప గుడ్డ గురించి చెప్పదు.

పగటి వాడకం మీద గొడవలు మన దగ్గరా అయ్యాయి. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో ఉదయం 7 నుంచి రాత్రి 7 దాకా నైటీ వేసుకోకూడదని ఊరిపెద్దలు కట్టుబాటు పెట్టి, వేసుకుంటే 2000 రూపాయల జరిమానా, పట్టిచ్చిన వాళ్లకి 1000 బహుమానం అన్నది 2018లో వార్తలకెక్కింది. చీరకంటే ఒళ్లు ఎక్కువ కప్పే బట్ట మీద ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది. సరే, కొలతల్లోకి వద్దాం.

ఎల్, ఎక్స్ఎల్, డబుల్ ఎక్స్ఎల్ అనే అక్షరాలకి ఇక్కడ కొలత అంటూ లేదు. ఒకరి ఎక్స్ఎల్ ఛాతీ 42 అంగుళాలైతే ఇంకొకరిది 46. టేపు అడగండి. నైటీని బల్ల మీద పరిచి ఒక చంక నుంచి ఇంకో చంకకి కొలిచి రెండింతలు చేయాలి. మీ ఒంటి కొలత 38 అయితే నైటీ 44 నుంచి 46 ఉండాలి. చేతులు పైకెత్తి బట్టలు ఆరేసేటప్పుడు ఆ మిగులే కాపాడుతుంది. ఫ్రీ సైజ్ అన్నది సన్నవాళ్లకి బస్తా, లావువాళ్లకి చంక దగ్గర బిగుతు.

పొడవులో తప్పు జరగడం మామూలు. మెడ పక్కన భుజం మీంచి చీలమండ దాకా కొలవండి. 5 అడుగుల 2 అంగుళాల మనిషికి అది దాదాపు 50 వస్తుంది. షాపులో ఎక్కువగా ఉండేవి 54, 55. వేసుకుని చూస్తే నేల ఊడుస్తుంది, ఉతికితే కుంచించుకుపోతుందిలే అంటాడు అమ్మేవాడు. కుంచించుకుపోయే మాట నిజమే, ఎంతన్నదే లెక్క. ముందుగా కుదించని నూలు గుడ్డ పొడవులో నూటికి 4, 5 వంతులు తగ్గుతుంది. 54 అంగుళాలకి రెండున్నర. మగ్గం మీద, తర్వాత అద్దకంలో సాగదీసి పట్టిన పోగులు నీళ్లు తగలగానే తమ అసలు పొడవుకి వెళ్లిపోతాయి. లాగుడంతా పొడవు దిశలోనే ఉంటుంది కాబట్టి వెడల్పు అంతగా తగ్గదు. శాన్ఫొరైజ్డ్ అని ముద్ర ఉంటే ఆ కుదింపు మిల్లులోనే చేసేశారని అర్థం. శాన్ఫర్డ్ క్లూయెట్ అనే అమెరికన్ 1930లో పేటెంటు పొందిన పద్ధతి అది, పేరు ఆయనదే. ముద్ర లేకపోతే మీ కొలతకి 2 అంగుళాలు కలిపి కొనండి, అంతకు మించొద్దు. పొడవైన నైటీతో తడి బాత్రూంలో, మెట్ల మీద కాలు పడి జారడం పెద్దవాళ్లున్న ఇంట్లో చిన్న విషయం కాదు.

గేరు, అంటే అడుగు చుట్టుకొలత, కనీసం 64 అంగుళాలుండాలి. ధర తగ్గించాలనుకున్నప్పుడు ముందు కోత పడేది ఇక్కడే. 250 రూపాయల్లో మూడు మీటర్ల గుడ్డ, కుట్టు కూలీ, రవాణా, కుట్టించినవాడి లాభం, అమ్మేవాడి లాభం ఇమడాలంటే గేరు 54కి దిగుతుంది, కింది మడత అరంగుళానికి తగ్గుతుంది, కుట్టు అవతల వదిలే గుడ్డ బియ్యపు గింజంత మిగులుతుంది. అలాంటి నైటీలో కూరలు తరగడానికి కింద కూర్చుంటే మోకాళ్ల దగ్గర బిగిసి, పక్క కుట్టు మీద బరువంతా పడుతుంది.

కాబట్టి లోపలికి తిప్పి చూడటం తప్పనిసరి. మాకు తెలిసి నైటీ పాడయ్యేది మూడు చోట్ల. ఒకటి చంక కింద, చేతి కుట్టు పక్క కుట్టుతో కలిసే నాలుగు దారుల కూడలి. అక్కడ ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా చుట్టి వేసే కుట్టు) ఒక్కటే ఉంటే కొన్నాళ్లకే విడుతుంది. దాని పక్కనే మామూలు మిషన్ కుట్టు ఇంకొకటి ఉండాలి. అంగుళానికి 10 నుంచి 12 కుట్లు పడాలి, 7, 8 ఉంటే తొందరపాటు పని. రెండు చేతులతో కుట్టుకి అటూఇటూ పట్టుకుని లాగండి. దారం మెట్లుమెట్లుగా కనపడితే పక్కన పెట్టేయండి. రెండోది ముందు మెడ చీలిక అడుగు. తల దూర్చిన ప్రతిసారీ అక్కడే లాగుడు. చీలిక చివర అడ్డంగా దగ్గరి కుట్టు వేసి ఉండాలి, లేదా పట్టీ దాన్ని దాటి అంగుళం కిందికి రావాలి. మూడోది జేబు. పక్క కుట్టులో పెట్టిన జేబు ఫోను బరువుకి వేలాడి, నోటి రెండు మూలల్లో కుట్టు తెంపుతుంది. జేబు గుడ్డ పలచటి లైనింగుదైతే ఫోను కాదు, చేతిరుమాలే పెట్టుకోవాలి. అయినా జేబు లేని నైటీ కంటే ఇది నయం.

కుట్టించుకుంటే వీటిలో చాలావరకు మీ చేతిలోనే ఉంటాయి. 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డ మూడు నుంచి మూడుంపావు మీటర్లు సరిపోతుంది. 36 పన్నా అయితే మూడున్నర తీసుకోండి. గుడ్డని కత్తిరించకముందే రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరేస్తే కుదింపు సమస్య అక్కడితో తీరిపోతుంది. విజయవాడ వస్త్రలతలో, రాజమండ్రి తాడితోటలో, హైదరాబాదు మదీనా వైపు హోల్‌సేల్ దుకాణాల్లో నైటీ బిట్లు దొరుకుతాయి, కొన్నిచోట్ల నాలుగైదు కలిపి తీసుకుంటేనే ఇస్తారు. బిట్టు పొడవు కొలిపించుకోండి, మూడు మీటర్లన్నది రెండుముప్పావు ఉండొచ్చు.

రంగు సంగతి. తడి తెల్ల రుమాలుతో ముదురు రంగు మీద పదిసార్లు రుద్దితే షాపులోనే సగం తెలుస్తుంది. లేతగా అంటితే అద్దకంలో మిగిలిపోయిన రంగు, రెండు మూడు ఉతుకుల్లో ఆగిపోతుంది. చిక్కగా అంటితే ఆగదు. ప్రింటు ఉన్నచోట చేతికి అట్టకట్టినట్టు తగిలితే అది గుడ్డ మీద జిగురుతో అంటించిన రంగు, లోపలికి ఇంకలేదు. ఉతికేకొద్దీ మడతల దగ్గర తెల్లబడుతుంది. పెడన చెక్క అచ్చుల అద్దకం అని చెప్పి స్క్రీన్ ప్రింటు అమ్మడం ఎక్కువ. చేతి అచ్చు అయితే ఒక అచ్చు ఆగి ఇంకోటి మొదలైన చోట గీత కాస్త తప్పుతుంది, రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట లేతగా ఉంటుంది. మీటర్ల కొద్దీ ఒక్క పొరపాటూ లేకుండా ఉంటే అది చెయ్యి చేసిన పని కాదు, ఆ ధరా ఇవ్వక్కర్లేదు.

ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని ప్రతి ఇంట్లోనూ చెబుతారు. అద్దకం తొట్టిలో ఉప్పుకి పని ఉంది, రంగుని నూలులోకి నెడుతుంది. అద్దకం అయిపోయి మీ ఇంటికొచ్చిన నైటీకి అది చేసేదేమీ లేదు. మొదటి రెండు ఉతుకులు విడిగా, చన్నీళ్లలో, తిరగేసి, నీడలో ఆరేయడం చాలు. నానబెట్టి గంటలు మరిచిపోకండి, పోయిన రంగు తిరిగి లేత భాగాలకి పట్టేది అప్పుడే. పసుపు మరకకి సబ్బు పెట్టగానే ఎర్రగా మారి కంగారు పుట్టిస్తుంది. సబ్బులోని క్షారానికి పసుపు అలాగే మారుతుంది. కడిగేసి, ఆ మరకని ఎండకి ఎదురుగా పెట్టి ఆరేయండి. ఎండకి పసుపు వెలిసిపోతుంది, రెండు మూడు ఎండలు పట్టొచ్చు. నీడలో ఆరేయమన్న మాటకి ఇదొక్కటే మినహాయింపు.

బాలింతల నైటీల ధర మామూలు వాటికంటే ఎక్కువ, ఆ తేడా అంతా జిప్పులది. మడత కింద దాగే రెండు నిలువు జిప్పుల మోడల్ బయటికి చక్కగా కనపడుతుంది, కానీ జిప్పు కింది కొస గుడ్డలో కలిసేచోట త్వరగా విడిపోతుంది. మధ్యలో 12 అంగుళాల ఒకే జిప్పు ఉన్నది చౌక, గట్టి, చీకట్లో ఒంటిచేత్తో తీయొచ్చు. నైలాన్ పళ్ల జిప్పు తీసుకోండి, లోహానిది బిడ్డ చెంపకి గీసుకుంటుంది, చలికి చల్లగా తగులుతుంది. పై కొసన జిప్పు తల దూరే చిన్న గుడ్డ గూడు ఉందో లేదో వేలితో తడిమి చూడాలి. ఆపరేషన్ కాన్పుకి నడుం దగ్గర ఎలాస్టిక్‌ గానీ బిగించే తాడు గానీ ఉన్నవి వద్దు, కుట్ల మీద పడతాయి. మంచం పట్టిన పెద్దవాళ్లకి మెడ నుంచి అడుగుదాకా ముందు తెరుచుకునేవి అడగండి. తల మీంచి తొడిగే బాధ ఇద్దరికీ తప్పుతుంది. బొత్తాలకంటే టిచ్‌బటన్లు నయం.

ఆన్‌లైన్లో మూడు కలిపి 999 లాంటివి కొనేటప్పుడు ప్రింటు మీ ఇష్టం కాదు, గుడ్డ తూకం రాయరు, రాత్రి దుస్తులు వాపసు తీసుకోని చోట్లు కూడా ఉన్నాయి. ముందు ఒక్కటి తెప్పించి, రెండుసార్లు ఉతికి, పొడవు మళ్లీ కొలిచి, అప్పుడు మిగతావి. మా లెక్కలో రోజువారీ వాడకానికి 400 నుంచి 550 మధ్య కేంబ్రిక్ నైటీ, జేబుతో, మోచేతికి పైనుండే చేతులతో ఉన్నది ఇచ్చిన డబ్బుకి సరిగ్గా తూగుతుంది. 700 దాటాక పెరిగేది ఎక్కువగా లేసు, పైపింగ్, పెట్టె. ఆ కేంబ్రిక్‌కి కూడా చంక కింద ముందు పలచబడుతుంది. చిరగకముందే, కొత్తగా ఉన్నప్పుడు పొడవు తగ్గించగా మిగిలిన గుడ్డలోంచి మూడంగుళాల చతురస్రం ముక్క కోసి అక్కడ ఐమూలగా వేయించుకోండి.